అవి ఉత్త ఒళ్ళునొప్పులు కావు

ఆదోనిలో కొండవైపు ఎక్కే సందుల్లో మా ఇల్లు. వీధిలోంచి లోపలికి మూడు మెట్లు. పెళ్ళై వచ్చినప్పటి నుంచి ఆ మెట్ల గురించి నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఒక మధ్యాహ్నం ఎమ్మిగనూరులో మా అమ్మవాళ్ళింటి నుంచి బస్సులో తిరిగొచ్చి, చేతిలో సంచితో మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. రెండో కాలు లేవలేదు. నొప్పి ఉంది, కానీ నన్ను ఆపింది నొప్పి కాదు. కాలు నా మాట వినలేదు. గోడ పట్టుకుని, మోకాలి మీద చెయ్యి ఊనుకుని ఎలాగో ఎక్కాను.

లోపల మా అత్త వేరుశనగ కాయలు వలుస్తూ కూర్చుంది. "ఏమ్మే, ముసిల్దాని మాదిరి ఎక్కుతాండావు?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పటికీ మండుతుంది.

అప్పుడు నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. జాకెట్లు కుట్టేదాన్ని. మా నాన్న ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. నాకు మాత్రం నేత కంటే కుట్టు మీదే మనసు పోయింది. పెళ్ళై ఆదోనికి వచ్చేటప్పుడు మిషన్ కూడా వెంట తెచ్చుకున్నాను. ముందు గదిలో వేసుకుని పదిహేనేళ్ళు కుట్టాను. మా ఆయన ఆదోని నుంచి ఆలూరు వైపు పల్లెలకు షేర్ ఆటో తోలుతాడు. పిల్లలిద్దరూ బడికి పోతారు. మా అత్త పత్తి తీసేదానికి, కాయలు పీకేదానికి కూలికి పోతుంది. ఇంట్లో ఖాళీగా కూర్చున్న మనిషి ఎవరూ లేరు. అందుకే ఒళ్ళు నొప్పులంటే మా ఇంట్లో ఎవరూ తల ఎత్తి చూడరు.

తొడల తర్వాత భుజాలు. తడిబట్టలు తీగ మీద వేయబోతే చేతులు సగంలో దిగిపోయేవి. అటక మీది డబ్బా అందుకోవడానికి ఒక చేత్తో ఇంకో చేతిని ఎత్తిపట్టుకునేదాన్ని. తల దువ్వుకోవడం మొదలుపెడితే మధ్యలో రెండుసార్లు ఆగి దువ్వెన ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. పొద్దున చాప మీద నుంచి లేవాలంటే పక్కకు దొర్లి, మోకాళ్ళ మీదికి వచ్చి, మంచం కోడు పట్టుకోవాలి. కండలన్నీ ఎవరో రోకలితో దంచి వదిలేసినట్టుండేవి.

మా అత్తతో చెప్పాను. "ఒళ్ళన్నాక నొయ్యకుండా ఉంటాదామ్మే? నాకు నొయ్యని దినం ఏది?" అంది. ఆమె చెప్పింది అబద్ధం కాదు. ఆమె కొంగుకు నొప్పి మాత్రలు ఎప్పుడూ ముడేసి ఉంటాయి. నాకూ ఒకటి విప్పి ఇచ్చింది.

మా సందు చివర ఒకాయన క్లినిక్ పెట్టుకున్నాడు. ఆయన డాక్టర్ చదువు చదవలేదని అందరికీ తెలుసు, అయినా అందరూ డాక్టర్ అనే పిలుస్తారు. రెండు బెంచీలు, ఒక తెర, తెర వెనక ఒక బల్ల. నేను పోయి చెప్పడం మొదలుపెట్టానో లేదో, ఆయనే పూర్తి చేశాడు.

"పగలంతా మిషన్ తొక్కుతావు కదక్కా. నొయ్యక ఏం చేస్తాది? సూది వేస్తా, పో."

సూది వేశాడు. అబద్ధమెందుకు చెప్పాలి, రెండు రోజులు నేను చిన్నపిల్లనైపోయాను. ఇల్లంతా కడిగాను. ఆగిపోయిన జాకెట్లన్నీ కుట్టి పడేశాను. మూడో రోజుకు మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ పోయాను, మళ్ళీ వేశాడు. మొదట నెలకు రెండు, తర్వాత వారానికొకటి, తర్వాత నాలుగు రోజులకొకటి. తుంటి మీద గడ్డలు కట్టాయి. ఆ సూది ఏమిటని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నా తొడ మీద చెయ్యి వేసి చూసింది లేదు, చెయ్యి ఎత్తమన్నది లేదు. నా పనేమిటో ఆయనకు తెలుసు కాబట్టి నా రోగమేమిటో కూడా తెలిసిపోయింది. అంత సులువు.

కుట్టుపని చేసేదానికి మిషన్ వల్ల, కూలికి పోయేదానికి చేను వల్ల, ఏ పనీ చేయనిదానికి పని చేయకపోవడం వల్ల. మా సందులో ఆడదాని నొప్పికి కారణం వెతకాల్సిన పని ఎవరికీ పడదు. ముందే రాసిపెట్టి ఉంటుంది.

ఎంతకీ తగ్గకపోతే టౌన్లో నిజంగా చదువుకున్న డాక్టర్ దగ్గరికే పోయాను. మొదటిసారి గ్యాస్ అన్నాడు. రెండోసారి కాల్షియం తక్కువన్నాడు. మూడోసారి నేనే బతిమాలితే రక్తపరీక్ష రాశాడు. కాగితం చూసి కళ్ళద్దాలు పైకి జరుపుకున్నాడు.

"లివర్ దెబ్బతినింది. మందు తాగుతావా?"

తలుపు తెరిచే ఉంది. బయట బెంచీ మీద పదిమంది ఉన్నారు. వాళ్ళలో ఒకామె నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే మనిషి. "నేను తాగను సార్" అన్నాను. "అందరూ అట్లే చెప్తారు" అన్నాడు. మాత్రలు రాసి, నూనె మానమని పంపేశాడు. "సార్, నాకు చేతులు ఎత్తేకి రావడం లేదు" అని చెప్పడానికి నోరు తెరిచేలోపు గంట కొట్టి ఇంకొకరిని లోపలికి పిలిచాడు.

లివర్ అనేసరికి ఇంట్లో కామెర్లు అన్నారు. కామెర్లు అనేసరికి పసరు అన్నారు. పత్తికొండ దారిలో ఒక పల్లెలో పసరు పోస్తారని మా ఆయన ఆటోలో తీసుకుపోయాడు. పరగడుపున ముక్కు మూసుకుని తాగాను. నలభై రోజులు పత్యం. ఉప్పు లేదు, నూనె లేదు, పప్పు లేదు, గుడ్డు లేదు. చప్పిడి మజ్జిగన్నం. అసలే కరిగిపోతున్న కండలకు తిండి కూడా లేకుండా చేసుకున్నాను. అది కూడా ఎంతో భక్తిగా, ఒక్క పూట తప్పకుండా. ఆ నలభై రోజుల మీద నాకున్న కోపం ఎవరి మీద చూపించాలో ఈ రోజుకీ తెలియదు. పసరు పోసిన ముసలాయన మంచివాడే. పిడికెడు వక్కాకు తప్ప ఏమీ పుచ్చుకోలేదు.

నన్ను నమ్మకపోవడానికి ఇంకో కారణం నా వేళ్ళు. భుజం లేవదు గానీ వేళ్ళు చక్కగా పనిచేసేవి. చేతులు బల్ల మీద ఆన్చుకుంటే ఎంతసేపైనా హుక్కులు కుట్టేదాన్ని. సన్న సూదిలో ఒక్కసారికే దారం ఎక్కించేదాన్ని. బరువైన ఇస్త్రీపెట్టె ఎత్తలేను. పెద్ద కత్తెరతో నాలుగు జాకెట్లు కత్తిరిస్తే చెయ్యి వేలాడిపోతుంది. చూసేవాళ్ళకు మాత్రం సూదీ దారమే కనిపించేవి.

పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. పెళ్ళికూతురి జాకెట్లు కుట్టనని ఒకామెను తిప్పి పంపాను. ఆమె పోయి పోయి మా ఆయన ఆటోలోనే ఎక్కి, ఆ సంగతంతా ఆయనకు చెప్పింది. సాయంత్రం ఆయన ఇంటికొచ్చేసరికి నేను అన్నం వండలేదు. కుండ దించలేక పొయ్యి ముందు కూర్చుని ఉన్నాను.

"హుక్కులు కుడతాండావంట, చీరలకు ఫాల్ కుడతాండావంట. అన్నం కుండ దించేకి మాత్రం చేతులు రావా?"

"రావు."

"సూదిలో దారం ఎక్కేది నేను చూడలేదా?"

"అది వేరే. ఇది వేరే. నాకెట్ల చెప్పాలో తెలీదు."

"నాకు తెలుసులే. నాటకాలు."

ఆయన చెడ్డవాడు కాదు. ఎండలో రోజంతా ఆటో తోలి వచ్చిన మనిషి. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినా ఆ మాట నాలో ముల్లులా విరిగి ఉండిపోయింది. ఆ రోజు నుంచి నేను నొప్పి గురించి ఇంట్లో మాట్లాడడం మానేశాను. ఎవరైనా అడిగితే బాగుంది అనేదాన్ని. ఎంత బుద్ధిలేని కోపం అది! నా మీద నేనే తీర్చుకున్నాను.

అన్నం గొంతులో అడ్డం పడడం కూడా అప్పుడే మొదలైంది. ప్రతి ముద్దకూ నీళ్ళు తాగేదాన్ని. ఎవరికీ చెప్పలేదు.

ఒక పొద్దున పిల్లలు బడికి పోయారు, ఆయన ఆటో తీసుకుని పోయాడు. మా అత్తకు ఆ రోజు కూలి లేదు. నేను దొడ్డికి పోయాను. మాది కింద కూర్చునే దొడ్డి. కూర్చున్నాను గానీ లేవలేకపోయాను. గోడకు పట్టుకునేదానికి ఏమీ లేదు. రెండు చేతులూ నేల మీద పెట్టి లేవబోయి పక్కకు పడ్డాను. ఎంతసేపు ఉన్నానో తెలియదు. పిలవడానికి సిగ్గు. చివరికి పిలిచాను.

మా అత్త తలుపు నెట్టుకుని వచ్చింది. "లేసేకి రావడం లేదామ్మే?" అంది. ఈసారి నవ్వలేదు. నా చంకల కింద చేతులు వేసి, ఆ వయసులో, ఆ నడుముతో, నన్ను ఎత్తి నిలబెట్టింది. నీళ్ళు పోసింది. మంచం మీద కూర్చోబెట్టి చీర మార్చేటప్పుడు నా తొడ పట్టుకుని చూసింది. వేళ్ళతో మళ్ళీ మళ్ళీ నొక్కింది.

"ఈడ కండ యాడికి పోయిందే?"

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. దువ్వెన తెచ్చి నా వెనక కూర్చుని జడ వేసింది. జడ వేసినంతసేపూ ఎవరినో తిడుతూనే ఉంది. మొదట సందు చివర డాక్టర్‌ను, తర్వాత టౌన్ డాక్టర్‌ను, తర్వాత తన కొడుకును. ఆఖరున, "నన్ను చెప్పుతో కొట్టాల" అంది.

మా ఆయన భోజనానికి వచ్చేసరికి ఆమె గడపలోనే నిలబడి ఉంది.

"రేపు ఆటో తీసేది లేదు. దీన్ని కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకోని పోవాల."

"రేపు బాడుగ ఒప్పుకున్నానమ్మా…"

"నీ పెండ్లాం దొడ్డిలో పడినాది రా. లేసేకి రాక పడినాది. నేను ఎత్తినాను. నాటకం ఆడేది దొడ్డిలో పడి ఆడతాదా?"

ఆయన నా వైపు చూశాడు. నేను చూడలేదు.

మరునాడు ముగ్గురం బస్సెక్కాం. బస్సు మెట్టు నేను ఎక్కలేదు. ఆయనా, అత్తా కలిసి ఎక్కించారు. ఆసుపత్రిలో చీటీ రాయించుకుని ఒక గది నుంచి ఇంకో గదికి పంపగా మధ్యాహ్నానికి ఒక డాక్టరమ్మ ముందు కూర్చున్నాను. నాకంటే చిన్నది. నేను మిషన్, పని అని ఏదో మొదలుపెడితే, "అది తర్వాత చెబుదురు గానీ, చేతులు గుండెల మీద కట్టుకుని ఆ స్టూలు మీద నుంచి లేవండమ్మా" అంది.

కట్టుకున్నాను. లేవలేకపోయాను. ముందుకు వంగాను, ఊగాను, పాదాలు వెనక్కి జరుపుకున్నాను. లేవలేదు.

చేతులు పైకెత్తమంది. భుజాల దాకా వచ్చి ఆగిపోయాయి. తన రెండు వేళ్ళు గట్టిగా పిసకమంది. పిసికాను. "వేళ్ళలో బలం బాగుంది" అంది. "సూదిలో దారం ఎక్కుతుందా?" అని అడిగింది. నేను మా ఆయన వైపు తిరిగాను. "చెప్పు" అన్నాను. ఆయన "ఎక్కుతాది మేడమ్" అన్నాడు నేల చూస్తూ. "ఈ జబ్బులో అలాగే ఉంటుంది. మొండెం దగ్గరి కండలు ముందు పోతాయి, వేళ్ళు చివరి దాకా బాగుంటాయి" అందామె.

మూడు నిమిషాలు పట్టలేదు. స్టూలు, రెండు చేతులు, రెండు వేళ్ళు. ఏ మిషనూ లేదు. పద్నాలుగు నెలలు నేను ఒక గది తర్వాత ఇంకో గదిలో కుర్చీల మీద కూర్చుంటూనే ఉన్నాను. లేచి నిలబడమ్మా అని ఒక్కరు అనలేదు. ఆ గదిలో నాకు భయం వేయాల్సింది. వేయలేదు. కోపంతో చెవులు గుయ్యిమన్నాయి.

కండ దెబ్బతింటే అందులోంచి రక్తంలోకి కారేదొకటి ఉంటుందట, దానికి పరీక్ష చేయించింది. ఉండాల్సినదానికి ఎన్నో రెట్లుంది. పాత కాగితాలు తిరగేసి, "లివర్‌కు ఏమీ కాలేదమ్మా. ఆ పరీక్షలో చూసే పదార్థాలు కండలో కూడా ఉంటాయి. కండ పాడైనా అవి పెరుగుతాయి" అంది. అంటే కామెర్లు లేవు. పసరు దండగ. నలభై రోజుల చప్పిడి కూడు దండగ. నేను తాగుబోతునని బెంచీ మీద పదిమందికి తెలిసింది కూడా దండగకే.

ఆసుపత్రిలో చేర్చుకున్నారు. తొడలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. కండల్లో సన్న సూదులు గుచ్చి చూశారు. థైరాయిడ్ చూశారు. ఏ మాత్రలు వాడావు, ఏ జ్వరం వచ్చింది, ఒంటి మీద దద్దుర్లు వచ్చాయా అని గుచ్చి గుచ్చి అడిగారు. కొన్నిసార్లు కేన్సర్ వెనకాల ఉంటుందని దానికీ వెతికారు. లేదన్నారు. ఆఖరుకు చెప్పింది ఇది: కండరాల వాపు. ఒంటికి కాపలా ఉండాల్సిన శక్తి దారి తప్పి సొంత కండల మీదనే పడింది.

"మిషన్ తొక్కడం వల్లనా?" అని అడిగాను.

"కాదు."

మా అత్త ముందుకు వచ్చింది. "మరి ఎందుకొచ్చింది తల్లీ?"

"కండలు నొయ్యడానికి వంద కారణాలుంటాయమ్మా. పని ఒకటి. జ్వరం, థైరాయిడ్, కొన్ని మందులు, విటమిన్ తక్కువ కావడం. వాటిలో ఏదో తెలిస్తే సులువు. ఈమెకు ఇది ఎందుకు మొదలైందో నాకు తెలియదు. చాలామందిలో ఎవరికీ తెలియదు."

తెలియదు అన్న డాక్టర్‌ను నేను మొదటిసారి చూశాను. అంతకుముందు అందరికీ తెలుసు.

సందు చివర వేయించుకున్న సూదుల గురించి డాక్టరమ్మకు చెప్పాను. ఆ సూదిలో బహుశా స్టెరాయిడ్ ఉండి ఉంటుంది, దీనికి అసలు మందు కూడా ఆ జాతిదే, అందుకే రెండు రోజులు తగ్గేది, తగ్గడం వల్లనే జబ్బు బయటపడలేదు అంది. లెక్కాపక్కా లేకుండా అన్ని నెలలు వేయించుకుంటే అదే కండల్ని ఇంకా నీరసపరుస్తుందని కూడా చెప్పింది. నేను గోడకు తిరిగి పడుకున్నాను.

ఆ సాయంత్రం మా ఆయన బయట నుంచి బొరుగుల ఉగ్గాని, బజ్జీ తెచ్చాడు. గొంతు బాగయ్యేదాకా నాకు మెత్తటిదే పెట్టమన్నారు, ఆ సంగతి మర్చిపోయాడు. పొట్లం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"నేను అన్న మాట మనసులో పెట్టుకోవద్దు."

"ఏ మాట?"

"అదేలే."

"ఏ మాటో చెప్పు."

చాలాసేపు పొట్లం దారం చుట్టాడు, విప్పాడు. "నాటకం అన్నది" అన్నాడు. నేను సరేలే అనలేదు. అనాలనిపించలేదు. ఆయన స్టూలు లాక్కుని నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఇప్పటికీ నేను సరేలే అనలేదు, ఆయన కూడా మళ్ళీ అడగలేదు. బాగానే ఉన్నాం.

మాత్రలు నెలల తరబడి వాడాను. ముఖం గుమ్మడికాయలా ఉబ్బింది. ఆకలి పిచ్చిగా వేసేది. షుగర్ వస్తుందేమోనని మాటిమాటికీ రక్తం తీసేవారు. స్టెరాయిడ్ తగ్గించడానికి ఇంకో మాత్ర కలిపారు. వాపు దిగాక రోజూ చేయాల్సిన కసరత్తులు నేర్పారు. ముందు గొంతు బాగుపడింది. తర్వాత మూడు మెట్లు గోడ పట్టుకోకుండా ఎక్కాను. పోయిన బలంలో ముప్పాతిక భాగం వచ్చింది. మిగిలిన పావు రాదేమో అని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. పెద్ద కత్తెర మాని చిన్నది వాడుతున్నాను. మిషన్‌కు మోటారు పెట్టించాం. రోజుకు ఒక పూటే కుడతాను.

కాస్త నడవగలిగాక రిపోర్టు పట్టుకుని సందు చివరకు పోయాను. బెంచీలు రెండూ నిండి ఉన్నాయి.

"నాకు వేసిన సూది పేరేమి?"

"ఏమక్కా, బాగుండావా?"

"పేరు చెప్పు."

"నొప్పుల సూది అక్కా. అప్పుడు తగ్గింది కదా?"

నాకు ఏమేం అరిచానో సరిగ్గా గుర్తులేదు. నా కండలు యాడికి పోయినాయో నీకు తెలుసా అన్నాను. ఒక్కసారైనా నన్ను ముట్టి చూసినావా అన్నాను. బల్ల మీది రిపోర్టు ఆయన వైపు తోశాను. ఆయన దాన్ని చదవలేదు, జాగ్రత్తగా మడిచి తిరిగి ఇచ్చాడు. అప్పుడు బెంచీ మీద ఒక పెద్దాయన, చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, "పోనీలేమ్మా, ఆయప్పకు పని ఉంది. సార్, నాకు వెయ్యండి, చేనికి పోవాల" అన్నాడు. ఎవరూ లేచి పోలేదు. నేనే వచ్చేశాను.

ఆ పెద్దాయన మీద కోపం రాలేదు. చేనికి పోవాలన్నాడు, అంతే. నా కోపం అసలు దేని మీదో అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది, అది కూడా మా అత్త వల్లనే.

ఈ ఏడు పత్తి తీసే రోజులొచ్చాయి. ఆమె పొద్దున్నే కొంగు బిగించుకుంటుంటే, ముందు నీ నొప్పులు డాక్టర్‌కు చూపిద్దాం అన్నాను. "నీదంటే రోగం. దానికి పేరుంది. నాది ఉత్త పని నొప్పే" అంది. అయినా పట్టుబట్టి తీసుకుపోయాను. కూర్చోబెట్టి, నిలబెట్టి, అన్ని పరీక్షలూ చేశారు. కండలు గట్టివే. నడుము అరిగింది, మోకాళ్ళు అరిగాయి. నొప్పి మాత్రలు ఇలాగే మింగితే కిడ్నీలు పోతాయన్నారు. వంగే పని మానుకుని విశ్రాంతి తీసుకోమన్నారు.

"ఎన్ని దినాలు సార్?" అని అడిగింది, నిజంగానే తెలుసుకోవాలని.

నా నొప్పి పని వల్ల కాదు. దాన్ని పని వల్ల అన్నందుకు నేను మండిపడ్డాను. ఆమెది నిజంగా పని వల్లే. ఆ కారణం అందరికీ తెలుసు, నలభై ఏళ్ళుగా తెలుసు. తెలిసి ఏం చేశారు? పని వల్ల అంటే మందు అవసరం లేదని అర్థమా? పని వల్ల విరిగిన నడుము నడుము కాదా?

మాత్రలు కొంగుకు ముడేసుకోవద్దని లాక్కున్నాను. తిట్టింది. వారమంతా కాకుండా మూడు రోజులే పోతానని ఒప్పుకుంది. నిన్న మూడో రోజు అయిపోయింది. ఈ పొద్దున మళ్ళీ కూలీల ఆటో సందు మొదట్లో హారన్ కొట్టింది.

"ఈ దినం పోనన్నావు కదత్తా."

"చేన్లో పత్తి వానకు తడిసిపోతాదంట. ఈ ఒక్క దినం."

"నేను పంపను."

"నువ్వెవరే నన్ను పంపేది?" అంటూ నా చెయ్యి పక్కకు తోసింది. తోసిన వెంటనే అదే చెయ్యి పట్టుకుని, నొప్పి పెట్టిందా అన్నట్టు భుజం దాకా తడిమి చూసింది. తర్వాత మూడు మెట్లు దిగి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, హారన్ కొడుతున్నవాడిని తిడుతూ పోయింది.